గడ్డ ఉన్నంతసేపు

ప్రొద్దుటూరు అంగట్లో చిన్న ఫ్రిజ్జు,
కారు బ్యాటరీ మీద నడుస్తాదంట.
ఇరవై రెండు వేలు.
ఓబులేసు దాని మూత నాలుగుసార్లు
తెరిచి మూసినాడు.
"ఇంట్లో ఐస్ బాక్సు చాల్లే" అన్నా నేను.
మా అత్త ఏమీ అనలేదు,
చేతిసంచిలో ఇన్సులిన్ సీసా సర్దుకునింది.

జమ్మలమడుగులో గడ్డ కొని
పొట్టు దులిపి పెట్టినాం.
గండికోటలో డేరా.
రాత్రి పదైనా బండలు సెగ కక్కుతాండాయి.

నడిరేయి మూత కిర్రుమనింది.
సెల్లు వెలుగులో అత్త
గడ్డ మీద అరచెయ్యి పెట్టి చూస్తాంది,
బిడ్డకు జొరం చూసినట్టు.
"రేపు మద్యాన్నం దాకా ఉంటాది.
అంతలోపల పెన్నను బాగా చూసుకోండి."

తెల్లారి పుచ్చకాయ కోసినాం.
కరిగిన నీళ్ళలో
ఇన్సులిన్ పెట్టిన స్టీలు డబ్బా తేలుతాంది.
ఓబులేసు కారు తాళాలు వెదుకుతాండాడు.
అవి నా కొంగు కింద ఉండాయి.