బూట్లు దులిపే చోట

కొండెక్కే ముందు ఇక్కడ
బూట్లు దులుపుకోవాలి.
గుడి కాదు, విప్పక్కర్లేదు.
పీచు బ్రష్షు మీద మడమలు గీకి
ఒక్కో కాలూ వెనక్కి ఎత్తి చూపించాలి,
నాడా కొట్టించుకునే గుర్రంలా.

చూసేది కురమోచి సెత్సు.
డెబ్భై తొమ్మిదేళ్ళు, ముక్కాలి పీట, మెడలో భూతద్దం.
జూలై రెండో ఆదివారం, కొండ మీద అడవిపూల పండగ.
వెనక డేరాలో మిసో పూసి కాలుస్తున్న దుంపల వాసన.
మైకు కీచుమంటోంది,
ఊరి పెద్ద ప్రసంగం మొదటి మాట దగ్గరే ఇరుక్కుంది.
బడిపిల్లల బ్యాండు, మొత్తం ఐదుగురు.
వచ్చే ఏడు ఆ బడి ఉండదట,
బుగ్గలు పగిలేలా ఊదుతున్నారు.

నా బూటు గాడిలోంచి
పట్టకారుతో ఓ గింజ లాగింది ఆవిడ.
వేలి మీద దొర్లించి చూసి
"సముద్రం ఒడ్డు నుంచా?" అంది.
నీగాతాలో నా అద్దెగది కింద ఇసుక గట్టు.
నోరు దాచినా చెప్పులు చెప్పేస్తాయి.

గింజ టీ డబ్బాలో పడింది.
డబ్బా మీద కాగితం: పై ఊళ్ళవి.
పండగయ్యాక వాటిని కాల్చేస్తారు.
ఒక్క పరాయి గింజ మొలిస్తే చాలు,
కొన్ని వేసవుల్లో మైదానం దానిదే అని
బోర్డు మీద రాసుంది,
పక్కన ఏడుస్తున్న పువ్వు బొమ్మ.

చలికాలం మంచులో జారేవాళ్ళని మోసే కుర్చీలు
ఇప్పుడు మమ్మల్ని మోస్తున్నాయి.
కాళ్ళ కింద ఏమీ లేదు.
మబ్బు కొండని మింగి, కదలకుండా కూర్చుంది.
పక్క కుర్చీలో ఒసాకా మనిషి మినోవా,
కెమెరాకి ప్లాస్టిక్ సంచి తొడిగి,
"మూడేళ్ళుగా వస్తున్నా, మూడేళ్ళూ ఇదే" అన్నాడు.
"మా ఆవిడ ఒక్కసారే వచ్చింది. ఆ రోజు ఎండ.
ఇప్పటికీ అన్నం దగ్గర దెప్పుతుంది."

పైన జింకలు రాకుండా కరెంటు తీగ.
తీగకి ఇవతల పూలట.
కొండంతా పసుపు అని కరపత్రంలో ఉంది,
మాకు దక్కింది నాలుగడుగుల లోకం.
అడుగు వేస్తే ఒక లిల్లీ వస్తుంది,
తెల్లటి గోడలోంచి తల బయటపెట్టి, తడిగా.
ఇంకో అడుగు. ఇంకొకటి.
వెనక్కి తిరిగితే మొదటిది లేదు.
ఇవి రోజుకూలీ పూలు.
తెల్లారి విచ్చుకుని, పొద్దుగుంకితే ముడుచుకుని,
పక్క మొగ్గకి పని అప్పగించి పోతాయి.
నిన్నటివి చూసినవాళ్ళు ఇవి చూడలేదు.
ఇవి కూడా మేం సగమే చూశాం.

ఎవరో మబ్బులో దగ్గారు.
ఎవరో "ఇక్కడ ఊదా రంగువి!" అని పిలిచారు.
ఎటు నుంచో తెలియక
అందరం తలో దిక్కుకీ నడిచాం.

దిగేసరికి డేరాలు విప్పుతున్నారు.
తుప్పు పట్టిన డ్రమ్ములో మంట.
సెత్సు గింజలు లెక్కపెట్టి
రెండొందల పదకొండని నోటుపుస్తకంలో వేసుకుంది.
బాకా ఊదిన పిల్లవాడు అడిగాడు,
"అవి మాత్రం ఏం చేశాయి బామ్మా?"

"ఏమీ చెయ్యలేదు.
నేనూ ఎవరి బూట్లకో అంటుకుని వచ్చినదాన్నే,
ఈ లిఫ్టు కట్టడానికొచ్చిన పనివాడి బూట్లకి."
నా వైపు తిరిగింది.
"మీ ఒడ్డు నుంచి మబ్బు లేని రోజు కనబడుతుందే దీవి,
అక్కడి నుంచి.
అప్పుడిక్కడ బ్రష్షు లేదు."
నవ్విందో, పొగకి కళ్ళు చికిలించిందో.
డబ్బా బోర్లించింది.
గింజలు చిటపటమన్నాయి, ఆవాల్లా.

దిగేవాళ్ళ బూట్లు ఎవరూ దులపరు.
బస్సులో చూసుకుంటే మోచేతి మీద
పసుపు పుప్పొడి, తుడిస్తే ఇంకా పాకింది.
ముందు సీట్లో మినోవా
ఫోను చెవికి గట్టిగా ఆనించి
భార్యతో అంటున్నాడు:
"చూశాను.
లేదు లేదు, అన్నీ.
అన్నీ చూశాను."