నైట్ షిఫ్ట్ మానేసిన నెల

రేణిగుంట కాడ ఫోన్ల కంపెనీకి
నాలుగేండ్లు నా రాత్రుల్ని అమ్మినాను.
భూతద్దం కింద ఇసక రవ్వంత ముక్కల్ని
పలకల మీద కూర్చోబెట్టి
తెల్లారి ఆరున్నరకి బస్సు దిగితే
వీధంతా కాఫీ వాసన.
నాకు మాత్రం అప్పుడే పొద్దు గూకేది.

దొరవేలు వెల్డింగ్ షాపుకి బయల్దేరేదీ అప్పుడే.
గేటు కాడ ఎదురుపడతాం.
"తిన్యావా?" అంటాడు.
"పండుకుంటా" అంటాను.
మా కాపురమంతా
ఆ రెండు మాటల మధ్య సందు.

"ఆ సందులో బిడ్డ యాడ పడతాది మే?"
అడిగింది ప్రసూతి ఆస్పత్రి నర్సు ఇంద్రాణమ్మ.
నవ్వతా అడిగింది.

అంతకు ముందు అడిగినోళ్లు నవ్వలేదు.
పక్కింటి రెడ్డెమ్మ
నల్ల నువ్వులు బెల్లం దంచి ఉండలు పంపింది.
మేనత్త అంజూరాలు.
పుత్తూరు నుంచి ఎవురో పేరు లేని పొడి,
వేడి పాలల్లో, మంగళారం మాత్రమే.
అన్నీ నా పేరుతోనే వచ్చినాయి.
దొరవేలు పేరుతో ఒక్క పొట్లమూ రాలేదు.

ఇంద్రాణమ్మ నువ్వుల్ని ఏమీ అనలేదు.
"తిను. మునగాకు తిను, సంగటి తిను.
పొడి మాత్రం పారబొయ్.
ఈ చిన్న మాత్ర రోజూ మింగు.
రాత్రయితే నిద్రపో.
నీ ముట్టు తేదీ నీకే తెల్వకపోతే
కాలెండరుకి ఎట్ల తెలుస్తాది?"
అని, తలుపు తట్టు చూసి
"ఆ మనిషినీ లోపలికి పిలువు" అనింది.

వచ్చినాడు. కూర్చోలేదు.
దినామూ నిప్పు ముందర ఉండే మనిషికి
ఫ్యాను కింద చెమట పట్టింది.
అడక్కముందే గుట్కా పొట్లం తీసి
బల్ల మీద పెట్టినాడు,
పోలీసోళ్లకి కత్తి అప్పజెప్పినట్టు.
పరీక్షకి రాసిచ్చిన చీటీని
మడిచి మడిచి గోరంత చేసినాడు.

"నాలో ఏమన్నా ఉంటే?" బస్టాండు కాడ.
"ఉంటే ఉంటాది."
నాలుగేండ్లు నా ఒక్క పొట్టే మోసిన బరువు
సగం ఆ భుజానికి మారింది.
మోటు మనిషి, మోసినాడు.
కొంచెం తక్కువే అన్నారు,
మూడు నెలలాగి మళ్లీ చూద్దామన్నారు.
ఆ రోజు మునగాకు ఆయనే దూసినాడు,
ఈనెలతో సహా.

జీతంలో రెండువేల మూడొందలు కోత.
తొలి వారం నిద్ర రాలేదు,
కండ్లు మూస్తే లోపల ట్యూబులైట్లు.
సాయంత్రాలు వెటర్నరీ కాలేజీ గోడ పక్కన నడిచినాం.
చెనక్కాయల పొట్లం చేతులు మారతా ఉంటే
మాటలూ మారినాయి.
ఎన్నాళ్లకో తెలిసింది,
ఆయనకి చీకటంటే భయమని.

ఒక మాపు మిద్దె మీద జనం.
శ్రీహరికోట తట్టు చూసి చూసి
ఉసూరుమంటా దిగినారు.
ఏదో లోపమంట, వాయిదా.
నేనింకా ఆ తట్టే చూస్తా ఉండాను.
వాయిదా పడిన రాకెట్టుని
ఎవురూ గొడ్డుది అనలేదు.

ఈ నెల కూడా వచ్చింది.
ఇరవై తొమ్మిదో నాడు, చెప్పి వచ్చే చుట్టం మాదిరి.
బాత్రూములో కొంచేపు ఏడ్చినాను.
ఆనక ముఖం కడుక్కుని
తేదీ చుట్టూ సున్నా చుడితే
చేయి వణకలేదు. 
నా ఒళ్లు నాతో మాట తప్పకపోవడం
ఇదే మొదలు.

తెల్లారి ఆరింటికి
కంపెనీ బస్సు సందు చివర హారన్ కొట్టింది.
ఎవురినో పిలస్తా ఉంది, నన్ను కాదు.
దొరవేలు చేయి నా నడుం మీద,
నిప్పురవ్వల మచ్చలతో, బరువుగా.
అటు తిరిగి పండుకున్నాను.