శెనక్కాయ చేను సంగతులు

షువైఖ్ రేవు గోదాంలో
పదకొండేళ్లు నా పని నలుపు పూయడం.
ఓడల్లో దిగిన పత్రికల్లో
మోకాలి పైన, భుజం కింద,
సబ్బు ప్రకటనలో తడిసిన వీపు మీద
మార్కర్ కిర్రుమని నడిచేది.
రాత్రి అన్నం కలుపుతుంటే
వేళ్ల సందుల్లో స్పిరిట్ వాసన.

ఎక్కడిదాకా పూయాలో చెప్పే కాగితం
నేనెప్పుడూ చూళ్లేదు.
ముందున్నవాడు పూసిన చోటల్లా పూశాను.
వాడికి ముందు ఎవడో.
ఒకసారి, సగానికి కోసిన మామిడిపండు బొమ్మకూ పూశాను.
ఎందుకో అప్పుడు సరిగ్గానే ఉందనిపించింది.

ఆ రోజు పైఅంతస్తు నుంచి పిలుపు.
"మస్తాన్ వలీ, నీది తెలుగే కదా?"
బల్ల మీద ఒక క్యాసెట్టు,
అట్ట మీద పెన్సిల్‌తో గాలివీడు అని.
ఎయిర్‌పోర్టులో ఎవరి సంచిలోనో దొరికిందట.
"పాటలు కావు. ఆడగొంతు. మధ్యలో నవ్వుతోంది.
ఎందుకో విని రాసివ్వు."
అబూ నాసర్ చెడ్డవాడేం కాదు,
నాకు టీ కూడా తెప్పించాడు.

ముందు మేక ఈనిన సంగతి.
బోరు ఎండింది, వడ్డీకి మనిషి వచ్చిపోయాడు.
తర్వాత తలుపు గడియ పడిన చప్పుడు.
గొంతు తగ్గించి,
"యో, ఇంగ ఎవురూ లేరు."

ఆ పైన ఆమె చెప్పింది
ఇక్కడ రాయను.
సిగ్గుపడి కాదు,
నాకు చెప్పింది కాదు గనక.
ఒక పుట్టుమచ్చకు వాళ్లిద్దరూ పెట్టుకున్న పేరుంది,
అంతవరకే.
మన మాటల్లో ఇంత తడి ఉందని
నలభై ఏళ్లొచ్చినా నాకు తెలీదు.

టీ మీద మీగడ కట్టింది.
ఫారంలో రెండే గడులు, సభ్యం, అసభ్యం.
గడియ వేసుకుని చెప్పిన మాటను
ఏ గడిలో వెయ్యను?
ఆ గదిలో అసభ్యంగా ఏదన్నా ఉంటే
హెడ్‌ఫోన్ కింద చెమట పట్టిన నా చెవి.

రాశాను: శెనక్కాయ చేను సంగతులు. వానల్లేవు.
"మరి నవ్వు?"
"మేక రెండు పిల్లల్ని పెట్టింది సార్."
ఆయనా నవ్వాడు. ముద్ర పడింది.

ఆ శుక్రవారం ఖాళీ క్యాసెట్టు కొన్నాను.
ఎనిమిది మంది గురక పెట్టే గదిలో
దుప్పటి ముసుగేసుకుని
మూడుసార్లు మొదలుపెట్టాను.
జైతున్‌బీ, బాగుండా. డబ్బు అందిందా.
శెనక్కాయ చేను ఎట్లుండాది?

మాకు చేనే లేదు.