మీదనా, కిందనా

ఒక్క ఏడాదిల ఫోను రెండుసార్లు సచ్చింది.
మే నెల సిగ్నల్ కాడ వేడికి ఒకసారి,
లంగర్‌హౌజ్ నీళ్లల్ల ఒకసారి.
బతికున్నప్పుడు సుత ఒకటే తప్పు చేసేది:
అత్తాపూర్ ఫ్లైఓవర్ మీద నేనుంటే
కింద ఉన్నననుకొని
లేని మలుపు తిరుగుమనేది.

నేను లిఫ్టు మెకానిక్‌ను.
నా బతుకే మీదికీ కిందికీ.
ఆ రెండు తెల్వని దానితోని ఎట్ల వేగాలె?

గుజరాతీ గల్లీల హస్ముఖ్ సేఠ్
గాజుపలక మీద మూడు పెట్టిండు.
ఒకటి రంగులది, వేలితోని రుద్దేది.
గ్లవుజు తొడుక్కొని రుద్దిన, పలుకలే.
ఇంకోటి చార్జింగుది, సక్కగుంది,
సగం దారిల ఆకలైతే దానికేం పెట్టాలె?
మూడోది ఇటుకపెళ్లంత.
లావు లావు గుండీలు, రెండు సెల్లులు,
ఏ కిరాణ కొట్టుల అడిగినా దొరికేటియి.
బయటికి తెచ్చి కోఠి ఎండల పట్టి చూసిన.
ఎండ పడ్డకొద్దీ అంకెలు ఇంకింత నల్లగైనయి.
"దీంట్ల గాలి బరువు తూచేది ఉంది,
ఎంత ఎత్తుల ఉన్నవో చెప్తది,
రెండు వేలు ఎక్కువ" అన్నడు సేఠ్.
"బండికి ఎత్తెందుకు? అది లేంది తీస్కో."
నేను ఆ రెండు వేలు లెక్కపెట్టి ఇచ్చిన.
ఇంట్ల స్వరూపకు ఇంకా చెప్పలే.

హ్యాండిల్‌కు బిగించుడు వేరే కథ.
మొదటి క్లాంపును టోలీచౌకి స్పీడ్‌బ్రేకర్ మింగింది.
కార్వాన్ల నఫీస్ భాయ్ ఇనుప పట్టీ వంచి
నడుమ ట్యూబు ముక్క పెట్టి కొట్టిండు.
అయినా ఒక తాడు కట్టిన.
నఫీస్ మీద నమ్మకం లేక కాదు,
ఈ రోడ్ల మీద.

దీనికి గల్లీల పేర్లు తెల్వయి.
ఒక బాణం గీస్తది, ఒక దూరం చెప్తది.
'ఎనిమిది వందల మీటర్లు' అంటది.
నడుమ మిలిటరీ గేటు,
గేటు కాడ తుపాకి,
తిరిగి పోతే అయిదు కిలోమీటర్లు.
బాణం సిగ్గు లేకుండ అటే చూపిస్తది.
నాలుగు గల్లీలు మెలికలు తిరిగినంక
తూర్పేదో దానికొక్కదానికే యాదికుంటది.

ఒకనాడు స్టాండు వేసిన బండి
గంటసేపట్ల పన్నెండు మీటర్లు ఎక్కింది.
"అన్నా, నీ స్ప్లెండర్ ఎగురుతున్నది"
ఐలేష్ గాడు పడి పడి నవ్విండు.
చాయ్ కప్పు కింద పెట్టలే,
గండిపేట దిక్కుకెళ్లి గాలి లేసింది,
దాని ఎనక వాన.

ఆ రాత్రే ఫోనొచ్చింది.
ఉప్పర్‌పల్లి, పిల్లర్ నూట తొంభై దాటినంక,
కరెంటు పోయింది, లిఫ్టు ఆగింది,
లోపట ప్రమీలారాణి టీచరమ్మ.
హెల్మెట్ అద్దం మీద నీళ్లు తప్ప ఏం లేదు.
ర్యాంపు ఎక్కుతున్ననా, లేదా?
అయిదు వందల ఇరవై. ఇరవై. ఇరవై.
కిందనే ఉన్న.

తాడు ఇప్పి మెడల ఏసుకొని మెట్లెక్కిన.
ఉపగ్రహాలు ఒక్కొక్కటే జారిపోయినయి,
గాలి మాత్రం ఎంటనే ఉన్నది.
నాలుగో అంతస్తు: అయిదు వందల ముప్పై రెండు.
తలుపు తాళం తీసి జరిపితే
మోకాళ్ల కాడ జానెడు సందు, లోపట చీకటి,
ఆ చీకట్లకెళ్లి ఒక గొంతు:
"నేనెక్కడున్న, నాయనా?
మీదనా, కిందనా?"

ఏం చెప్పాల్నో తెల్వక
దాన్నే తాడు పట్టి సందులకెళ్లి దించిన.
ముసలి చేతులు అందుకున్నయి.
వెలుగుల ఆమె కండ్లద్దాలు కనబడ్డయి.
"ముప్పై అని ఉంది, బాబూ."
"రెండు మీటర్లేనమ్మా. సదువుకుంట ఉండున్రి."

మీద మెషిన్ రూముల
ఐలేష్ చేతులతోని చక్రం తిప్పుతున్నడు.
వాన పిట్టగోడల మీద కొడుతున్నది.
హాజరు పిలిచినట్టు, ఒక్కొక్కటి ఆగి,
టీచరమ్మ గొంతు పైకొస్తున్నది:
ముప్పై...
ముప్పై...
ముప్పై ఒకటి...