నామినేషన్లకు ఇంకా మూడు రోజులు

టంకశాల వీధిలో, ఉల్లిపాయల గోడౌను మీద
మా పఠనాలయం.
మెట్లు పద్దెనిమిది.
పదకొండోది విరిగి నాలుగేళ్ళయింది.
దాన్ని బాగుచెయ్యాలా వద్దా అన్నది
మాకు వడ్రంగి పని కాదు, సిద్ధాంతం.

ఈ ఆదివారం సాయంత్రం
ఆ మెట్టు దాటుకుని పైకొచ్చింది ఐదుగురు.
అందరిదీ ఉన్నది ఉన్నట్టు ఉండాలనే పక్షం.
అధ్యక్షుడి ఎన్నికకి అవతలివాళ్ళకి మనిషి దొరికాడు.
పెరంబూరు కుర్రాడు,
కంప్యూటర్లు పెడతాడట,
బీరువాలు అమ్మేస్తాడట,
మెట్టు కూడా వేయిస్తాడట.
ఇవతల ఇంకా మనిషి కావాలి.

"అమ్మాయీ, కాఫీ" అన్నారు దేశికాచారిగారు.
నాకు యాభైమూడు.
తాళాలు నా దగ్గర, చీపురు నా దగ్గర,
మినిట్సు పుస్తకం రాసేదీ నేనే.
ఓటు మాత్రం సభ్యులది.

మొదటి పేరు ఎతిరాజులు నాయుడు.
మనిషి నిప్పు. పంచె తప్ప కట్టడు.
"మరి పోయినేడు ఉగాది పచ్చడి
ప్లాస్టిక్ కప్పుల్లో పంచిందెవరు?"
ఎవరూ మాట్లాడలేదు.
ఎతిరాజులు నాయుడు అక్కడే కూర్చుని ఉన్నారు.
"వేపపువ్వు మా చెట్టుదే" అన్నారు కాసేపటికి,
బోనెక్కినవాడిలా.

రెండో పేరు గ్రంథి వరదయ్య శెట్టి.
డబ్బుంది. అరసున్న లేని పుస్తకం ముట్టడు.
"మనవరాళ్ళతో అరవం మాట్లాడతాడు."
"అరవం మాట్లాడని కొంప ఏదయ్యా ఈ ఊళ్ళో?"
"కూరల బండి దగ్గర మాట్లాడొచ్చు,
కరెంటాఫీసులో మాట్లాడొచ్చు.
ఇతను నవ్వుతూ మాట్లాడతాడు. అది వేరు."
ఆ పేరు కొట్టేశాను.

మూడో పేరు దగ్గర గొంతులు తగ్గాయి.
పాండురంగం మాష్టారు, ఎనభైఆరు,
రెండు చెవులూ వినపడవు.
"వినపడని మనిషి దేనికీ ఒప్పుకోడు,
దేన్నీ మార్చడు. ఇంకేం కావాలి?"
కాసేపు అది నిజంగానే మంచి ఆలోచనలా ఉండింది.
కింద బండివాడు బస్తాలు దించుతున్నాడు,
ఘాటు పైకొచ్చి అందరి కళ్ళూ నీళ్ళు పెట్టాయి.
"మెట్లు ఎక్కగలడా?" అన్నారెవరో.
పదకొండో మెట్టు
ఐదుగురికీ ఒక్కసారే గుర్తొచ్చింది.

అప్పుడు చూశారు గోడకేసి.
"ఆయనుంటేనా" అన్నారు దేశికాచారిగారు
మొదటి అధ్యక్షులవారి పటం చూస్తూ.
తలపాగా, మీసం, చెదలు తిన్న ఎడమ భుజం.
"ఆయనుంటే ఒక్క పుల్ల కదలనిచ్చేవాడా!"

ఆ పటం దులిపేది నేను.
ఆయన నాటి మినిట్సు ఎండలో ఆరబెట్టేదీ నేనే.
బుధవారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళు వచ్చి చదువుకోవచ్చని
ఆయన తీర్మానం పెట్టిన రోజు
పద్నాలుగుమంది రాజీనామా ఇచ్చారు.
ఒకాయన "సంస్థకు తద్దినం పెట్టితివి" అని
ఎర్ర సిరాతో రాసిపోయాడు.
ఆ బుధవారాల్లోనే
మా అమ్మ సంచిలో తోటకూర పెట్టుకుని వచ్చి
ఒక్కో అక్షరం కూడబలుక్కుంది.

చెబుదామనే అనుకున్నాను.
నోటిదాకా వచ్చింది.
కానీ పెరంబూరు కుర్రాడన్నా నాకు భయమే.
బీరువాలు పోతే ఆ వాసనా పోతుంది.
నన్ను ఏం చేస్తాడో అతను ఒక్కసారీ చెప్పలేదు,
నేనూ అడగలేదు.
కాఫీ గ్లాసులు ఏరుకున్నాను.

మంగళవారానికి వాయిదా.
దిగేటప్పుడు పదకొండో మెట్టు దగ్గర
ముందున్నవాడి భుజం మీద వెనకవాడు చెయ్యేసి
ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, మాట్లాడకుండా,
గుడ్డివాళ్ళ వరసలా దాటారు.
"అమ్మాయీ, లైటు చూపించు."
చూపించాను, నా సెల్‌ఫోన్‌తో.

పైకొచ్చి పుస్తకం తెరిచి
"మన పక్షం అభ్యర్థి" అని రాసి ఆగాను.
ఎంత పేరు పడుతుందో తెలియదు కదా,
ఒక గీత ఖాళీ వదిలాను,
కాస్త పొడుగ్గానే.