పాదం ఎత్తే విద్య

ఆర్డెన్ అడవిలో వాన ఒక పక్కనే కురుస్తుంది.
ఆ మలుపు తడి, ఈ మలుపు పొడి,
నడుమ ఏడు కిలోమీటర్ల తారు.
ఇరవై ఆరు కార్లు తిరుగుతున్నా
నా తెర మీద ఒకే అంకె:
చుట్టుకి రెండున్నర లీటర్లు.
చుక్క మించిందా,
ఆఖరి చుట్టు తోసుకుంటూ పూర్తి చేయాలి.

నా పేరు ఒడిల్ గ్రాంజాన్.
పందెం గోడ దగ్గర ఎత్తు పీట మీద కూర్చుని
నేను లెక్క కట్టేది వేగాన్ని కాదు,
వేగం ఎక్కడ అక్కర్లేదో దాన్ని.

చెవిలో తిబో రొప్పుతున్నాడు.
"ముందున్నవాణ్ణి పట్టేస్తాను, వదలండి."
"వద్దు. నూట యాభై బోర్డు దగ్గర పాదం ఎత్తు."
"ఎత్తితే పోతాడు."
"పోనీ."
కాసేపు రేడియోలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.
ఆ తర్వాత గీత కిందికి వాలింది,
అలిగిన పిల్లాడు కంచం ముందు కూర్చున్నట్టు.

ఒకప్పుడు బ్రేకు నొక్కితే
పళ్లేలు ఎర్రగా కాలి
అంత పరుగూ వేడై గాలిలో పోయేది.
ఇప్పుడు కొంత బ్యాటరీకి తిరిగొస్తుంది.
అంతా కాదు.
పెద్ద నోటిస్తే కొట్టువాడు
గొణుక్కుంటూ చిల్లర చేతిలో పెట్టినట్టు.

ఈ మర్మం మా అమ్మమ్మ జెర్మేన్‌కి
ఏ తెరా లేకుండానే తెలుసు.
ఆవిడది రొట్టెల వ్యాను.
డెబ్భై మూడు చలికాలంలో
ఆదివారాలు కార్లు తిరగకూడదన్నారు.
పిల్లలు చక్రాల బూట్లు కట్టుకుని
హైవే నడిమధ్యలో గింగిరాలు కొట్టారట.
మిగతా ఆరు రోజులూ
మాల్మెడీ దిగువకి ఆవిడ పెడల్ వదిలేసేది.
వాలే వ్యానుని మోసుకుపోయేది,
రొట్టెల వేడికి అద్దాలు మసకబారేవి.
"కొండ ఊరికే ఇచ్చింది కాదే ఇది,
పొద్దున ఎక్కేటప్పుడు నేను కట్టిన డబ్బు"
అనేది, జేబు తడుముకుంటూ.

ఆరు గంటలకి జెండా ఊపారు.
మాది నాలుగో స్థానం.
ట్యాంకులో మిగిలింది ఒక బీరు గ్లాసుడు.
మెకానిక్కులు దాన్నే గాజు గొట్టంలో పట్టి
దీపానికి ఎదురుగా తిప్పి తిప్పి చూశారు.
మా స్పాన్సర్ మనిషి
"పచ్చదనం గెలిచింది" అని రాసుకున్నాడు.
నేను మాత్రం
మా ఒక్క కారుని ఇక్కడిదాకా మోసుకొచ్చిన
పదకొండు డీజిల్ లారీలని లెక్కపెట్టుకున్నాను.
ఆ బీరు గ్లాసు
వాటిలో ఏ లారీకీ పెదవి తడపదు.

అయినా మరో లెక్క ఉంది.
ఈ రోజు తిబో కిందున్న తెలివే
చవకబడి, మొద్దుబారి, పదేళ్లకి
ఏ నర్సమ్మ కారులోనో చేరుతుందేమో.
చేరకపోవచ్చు కూడా.
ఆ గడికి నా దగ్గర సూత్రం లేదు,
ఖాళీగా వదిలేశాను.

రాత్రి పచ్చికబయలులోంచి
వేల కార్లు ఒకే దారికి ఎగబడ్డాయి.
అన్నీ నిలబడే తాగుతున్నాయి.
పొగ గుర్రపుశాల మీద దుప్పటిలా దిగింది.
నా పాత హైబ్రిడ్‌లో పక్క సీట్లో తిబో,
తడి మేజోళ్లు హీటర్ మీద ఆరేసి,
నోరు తెరిచి నిద్ర.

వాలు మొదలైంది.
ముందు నీలం వ్యానువాడు
ఇంజను గొంతు దించి జారనిచ్చాడు.
మా మధ్య ఖాళీ పెరిగింది,
ఇరవై మీటర్లు, ముప్పై.
వెనకవాడు హారన్ కొట్టాడు.
ఆరు గంటలు ఎత్తు ఎత్తు అని అరిచినదాన్ని,
ఆ ఖాళీ చూసి ఓర్వలేక
నొక్కేశాను.

కళ్లు తెరవకుండానే
"ఒడిల్," అన్నాడు తిబో,
"పాదం."

ఎత్తాను.
వ్యాను మలుపు తిరిగి పోయింది.
వాన
ఎడమ అద్దం మీద మాత్రమే పడుతోంది.