నిరోష్ఠ్యం

అంత్సిరాబేలో జూన్ అంటే చలికాలం.
ఆసుపత్రి ముందు, మనుషులు లాగే రిక్షాల కర్రల మీద
తెల్లగా నూగు మంచు.
వరండా పొడుగునా తల్లులు,
లంబా గుడ్డల్లో చుట్టిన పిల్లలు,
ఒక్కో మెడలో ఒక అట్టముక్క, దాని మీద ఒక అంకె.

నా పని కోయడం కాదు, కుట్టడమూ కాదు.
నిద్రపుచ్చడం.
మళ్లీ లేపడం.
ఆ రెంటి నడుమ ఎవరి ఊపిరి ఎంత దూరం నడవగలదో
ముందురోజే విని లెక్కగట్టడం.

పంతొమ్మిదో అంకె ఏడేళ్లవాడు.
పేరు మంపియునున.
ఓదార్చేవాడని అర్థమట, ఫాంజ చెప్పింది.
ఆ పేరు పలకాలంటే రెండుసార్లు పెదవులు కలవాలి.
వాడి పై పెదవి ముక్కు కింద రెండుచోట్ల విడిపోయి
మధ్యలో చిన్న కండ, మొగ్గలా వేలాడుతోంది.
"ఆహియునున" అన్నాడు, తలెత్తకుండా.

చిన్నప్పుడు యానాంలో మా తెలుగు మాస్టారు
నిరోష్ఠ్య పద్యం ఒకటి చదివి
పెదవికి పెదవి తగలకుండా నాలుగు పాదాలు నడపడం
ఎంత విద్యో చూడండర్రా అని మురిసిపోయేవారు.
మేం వేళ్లతో పెదాలు విడదీసి పట్టుకుని
ప, బ, మ లేని తిట్లు వెతుక్కునేవాళ్లం.
వీడు ఏడేళ్లుగా ఆ విద్యలోనే ఉన్నాడు.
ఎవరూ భళా అనలేదు.

వీధిలో అమ్మే బియ్యప్పిండి మూఫు,
అచ్చం మన గుంత పొంగణాలే,
వాడు పేరు పెట్టి అడగడు. వేలు చూపిస్తాడు.
ఎన్ని కావాలో కూడా వేళ్లే.

ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించాను.
కుడివైపు, కింద,
తడి కంకర మీద చక్రం తిరిగిన చప్పుడు.
జ్వరం నూటొకటి.
రెండు రాత్రులు నడిచొచ్చారు, నాయనమ్మా వాడూ,
ఇద్దరికీ ఒకటే దుప్పటి.
మరోసారి విన్నాను.
ఇంకోసారి, ఈసారి ఎడమవైపు నుంచి,
చెవి ఏమైనా మనసు మార్చుకుంటుందేమోనని.

ఊపిరితిత్తులు తేరుకోవడానికి నాలుగు వారాలు.
మా విమానం శనివారం.

వాళ్ల భాషలో కాదనడానికి "త్సియ".
ఆ మాటకి పెదవులతో పనిలేదు.
సెలవు పెట్టి, సొంత డబ్బుతో, సముద్రం దాటి వచ్చి
నేను తప్పు లేకుండా పలికిన మొదటి మాట అది.

ముసలావిడ ఏడవలేదు.
నా బూట్లకేసి చూసింది కాసేపు.
డాక్టర్లకని తెచ్చిన పుంజు
కాళ్లు కట్టేసి బల్ల కింద ఉంటే
తీసి చంకన పెట్టుకుంది.
(హమ్మయ్య, అదైనా వెనక్కి తీసుకెళ్తోంది.)
వెళ్తూ ఏదో అంది. ఫాంజ ఫ్రెంచిలో చెప్పింది:
వచ్చే ఏటికి ఇంకా బలం పడుతుందనో, పడతాడనో.
వాళ్ల మాటలో వాడికీ దానికీ తేడా లేదు.
ఫ్రెంచిలోనూ పుంజుకీ పిల్లాడికీ ఒకటే సర్వనామం.
తెలుగులోనైతే క్రియ చివర్లోనే తెలిసిపోయేది.
నేను అడగలేదు.
ఆ క్రియకి ఏ తోకా తగిలించకుండా అలాగే ఉంచుకున్నాను.

పంతొమ్మిది ఖాళీలోకి ముప్పై రెండు వచ్చింది.
రవాక, పద్నాలుగు నెలలు.
సర్జన్ ఇన్‌గ్రిడ్ నీలం సిరాతో చుక్కలు పెట్టింది,
చీమ తలకాయంత.
ముందు చుక్కలు, తర్వాత గీత. ఏ దేశంలోనైనా ముగ్గు అంతేనేమో.
గంటా పది నిమిషాలు
నేనొక చిన్న రబ్బరు సంచిని నొక్కుతూ, వదులుతూ.
మెలకువ వచ్చిన పిల్లని చేతికిస్తే
తల్లి తడబడింది,
రోజూ ముద్దుపెట్టుకున్న చోటు కనబడక.
అప్పుడు పిల్ల ఏడ్చింది.
ఆ ఏడుపు మాత్రం పాతదే. గుర్తుపట్టింది.

రాత్రి రిజిస్టరులో, వచ్చే జూన్ పేజీలో,
ఒకటో అంకె ఎదురుగా వాడి పేరు రాశాను.
పెన్సిలుతో. చెరిగిపోతుందని మళ్లీ పెన్నుతో.
వచ్చేది నేనో కాదో ఇంకా తెలీదు.

గేటు దగ్గర పెనం ముందు ఆవిడ ఇంకా ఉంది.
మూఫు. ఆ మాట నాకొచ్చు.
వేలు చూపించాను.
ఎన్ని అంది.
రెండు వేళ్లు.